గ్రామం దాటిపోయే రూపాయి: మహిళా సమాఖ్యల అనుభవం చెబుతున్నదేమిటి?

పేద కుటుంబాల ఆదాయాన్ని పెంచడం ఎలా అన్న ప్రశ్నకు ప్రభుత్వాలు, బ్యాంకులు, స్వచ్ఛంద సంస్థలు దశాబ్దాలుగా సమాధానం వెదుకుతూనే ఉన్నాయి. ఆ కుటుంబం చేతికి వచ్చిన కొద్దిపాటి ఆదాయం ఎటు పోతున్నదన్న ప్రశ్న మాత్రం అంతగా వినిపించదు. వడ్డీ రూపంలో కొంత, తూకంలో తరుగు రూపంలో కొంత, పురుగుమందుల కొట్టు బాకీ కింద కొంత, కిరాణా ఖాతా కింద మరికొంత గ్రామం పొలిమేర దాటిపోతున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రూపుదిద్దుకున్న మహిళా స్వయం సహాయక సంఘాలు, వాటి సమాఖ్యల అనుభవాన్ని ఈ కోణం నుంచి పరిశీలిస్తే ఒక ఆసక్తికరమైన విషయం వెల్లడవుతుంది. సమాఖ్యలు నిలకడైన ఫలితాలు సాధించిన సందర్భాలలో అధిక భాగం, గ్రామంలోకి పెద్ద మొత్తాలు వచ్చి పడినప్పటివి కావు. గ్రామంలోని సొమ్ము బయటికి పోకుండా పేద మహిళలు తామే అడ్డుకట్ట వేసినప్పటివి.

సారా పోరు నుంచి పొదుపు పెట్టె దాకా

గ్రామం దాటిపోయే రూపాయిని మహిళలు సంఘటితంగా ఆపిన తొలి సందర్భం సారా వ్యతిరేకోద్యమమే. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం కింద రాత్రి బడులలో చేరిన మహిళలు చదువుకున్న పాఠాలను తమ ఇంటి పరిస్థితులకు అన్వయించుకున్నారు. భర్త కూలి డబ్బు ఇంటికి చేరకముందే సారా దుకాణంలో ఎందుకు మిగిలిపోతున్నదని ప్రశ్నించారు. 1990 దశకం ఆరంభంలో దూబగుంటలో మొదలైన ఆ ప్రతిఘటన జిల్లా అంతటికీ, ఆపై రాష్ట్రమంతటికీ వ్యాపించింది. ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా విక్రయం నిషేధానికి గురైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. దానిని 1997లో సడలించడం జరిగినప్పటికీ, ఉద్యమం వల్ల ఏర్పడిన మహిళల ఐక్యత చెదిరిపోలేదు.

సారా దుకాణానికి పోవడం మానిన డబ్బును రోజుకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టుకోవాలన్న ఆలోచన నెల్లూరు జిల్లాలో 'పొదుపు లక్ష్మి'గా రూపొందింది. అప్పటికే కేంద్ర ప్రభుత్వం 1982లో ప్రారంభించిన డ్వాక్రా పథకం గ్రామాలలో ఉన్నది. 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగాన్ని చేపట్టింది. ఈ మూడు పాయలు కలిసిన చోటే రాష్ట్రంలో పొదుపు ఉద్యమం బలపడింది. డ్వాక్రా పథకం ఎన్నడో ఇతర పథకాలలో విలీనమైపోయినా పల్లెలలో 'డ్వాక్రా మహిళలు' అన్న పిలుపు ఈనాటికీ నిలిచి ఉండటం గమనార్హం. పథకాల పేర్లు మారినంత తేలికగా ప్రజల నోటి మాట మారదు.

పేదలెవరో తేల్చింది పేదలే

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో 1990 దశకం ద్వితీయార్ధంలో అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలోని ఇరవై మండలాలలో జరిగిన ప్రయోగం ఆధారంగా, 2000 సంవత్సరంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు రుణ సహాయంతో 'వెలుగు' ప్రాజెక్టు తొలుత ఆరు జిల్లాలలోనూ, 2003 నుంచి మిగిలిన 16 గ్రామీణ జిల్లాలలోనూ అమలైంది. 2005లో దీనికి 'ఇందిరా క్రాంతి పథం' అన్న పేరు వచ్చింది.

వెలుగులో అంతకుముందు పథకాల కంటే భిన్నమైన అంశం ఒకటి ఉన్నది. లబ్ధిదారుల జాబితా మండల కార్యాలయంలో తయారు కాలేదు. గ్రామస్థులు రచ్చబండ వద్ద ముగ్గుపిండితో నేలపై తమ ఊరి పటం గీసి, ఏ ఇంటి పరిస్థితి ఏమిటో అందరి ఎదుట చర్చించి, నిరుపేదలెవరు, పేదలెవరు, స్తోమత గలవారెవరు అన్నది తామే తేల్చారు. ఒంటరి మహిళలు, వికలాంగులు ఉన్న కుటుంబాలు, ఊరి చివర గుడిసెలలో ఉండేవారు అధికారుల జాబితాలలో తరచు తప్పిపోతారు. ఇరుగుపొరుగు కంటికి మాత్రం తప్పిపోరు.

పది నుంచి పదిహేను మంది సభ్యులతో సంఘం, సంఘాలన్నీ కలిసి గ్రామ సమాఖ్య, వాటిపైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అన్నది నిర్మాణ క్రమం. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాల చెల్లింపు, సక్రమంగా పుస్తకాల నిర్వహణ అన్న పంచసూత్రాలు సంఘానికి క్రమశిక్షణను నేర్పాయి. పేదరికం నుంచి బయటపడిన మహిళలే పొరుగు గ్రామాలకు వెళ్లి, రోజుల తరబడి అక్కడే బసచేసి కొత్త సంఘాలను నిలబెట్టడం మరో విశేషం. శిక్షణ కేంద్రంలో ఉపన్యాసం విన్నదాని కంటే, "మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి ఉండేది" అని చెప్పే తోటి మహిళ మాట ఎక్కువ పనిచేసింది. ఈ పద్ధతి తరువాతి కాలంలో బీహార్ వంటి రాష్ట్రాలకూ చేరింది. 2011లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ రూపకల్పనలో ఆంధ్రప్రదేశ్ అనుభవానికి ప్రముఖ స్థానం లభించింది.

బియ్యం మూట, కాటా

సమాఖ్యల చరిత్రలో అంతగా ప్రచారానికి నోచుకోని ఒక కార్యక్రమం గురించి ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవలసి ఉన్నది. అది బియ్యం అప్పు కార్యక్రమం. ఆ కాలంలో తెల్లకార్డుపై ఒక్కొక్కరికి నాలుగు కిలోల వంతున, కుటుంబానికి ఇరవై కిలోలకు మించకుండా రేషను బియ్యం అందేవి. శారీరక శ్రమ చేసే ఐదుగురు సభ్యుల కుటుంబానికి అవి నెలలో సగం రోజులకైనా చాలవు. మిగిలిన బియ్యాన్ని కిరాణా కొట్టులో ఖాతా మీద తెచ్చుకోవాలి. ఖాతా మీద తెచ్చుకునేవారు ధర అడగలేరు, నాణ్యత అడగలేరు, తూకం అసలే అడగలేరు. పనులు దొరకని వేసవి నెలలలో ఈ బాకీ పెరిగి, తొలకరి కూలి డబ్బులన్నీ ముందే కొట్టు యజమాని పద్దులోకి జమ అయ్యేవి. ఆకలి తీరనిదే పొదుపు మాట ఎవరి చెవికెక్కుతుంది?

గ్రామ సమాఖ్య చేసిన పని చూడటానికి చాలా చిన్నది. ఏ కుటుంబానికి నెలకు ఇంకా ఎన్ని కిలోలు అవసరమో సంఘం సమావేశంలో లెక్క వేశారు. అన్ని ఇళ్ల అవసరాన్ని కలిపి ఒకేసారి మిల్లు నుంచి గాని, టోకు వ్యాపారి నుంచి గాని కొనుగోలు చేశారు. రకం, ధర మహిళలే బేరమాడి నిర్ణయించారు. బియ్యాన్ని సభ్యులకు అప్పుగా ఇచ్చి, సొమ్మును చేతికి కూలి అందే రోజులనుబట్టి వాయిదాలలో వసూలు చేసుకున్నారు. ఒక్కొక్క ఇంటికి మిగిలింది స్వల్ప మొత్తమే కావచ్చు. అయితే కిరాణా పద్దు నుంచి విముక్తి పొందిన కుటుంబం ఫలానా ఆసామి పొలంలోనే, ఫలానా కూలికే పనిచేయాలన్న నిర్బంధం నుంచి కూడా విముక్తి పొందింది. రూపాయలలో లెక్కకు అందని లాభమిది.

కాటా సంగతి కూడా ఇటువంటిదే. పెట్టుబడికి అప్పు ఇచ్చిన వ్యాపారికే పంట అమ్మాలన్న షరతు చిన్న, సన్నకారు రైతులకు కొత్త కాదు. వేప గింజలు, కంది, మొక్కజొన్న ఏవైనా వ్యాపారి తూచిందే తూకం, తేమ పేరిట అతడు తీసిందే తరుగు. గ్రామ సమాఖ్యలు ఎలక్ట్రానిక్ కాటాలను, తేమ కొలిచే యంత్రాలను సమకూర్చుకుని ఊరిలోనే కొనుగోలు కేంద్రాలు తెరిచాయి. మార్క్‌ఫెడ్ తరఫున మొక్కజొన్న సేకరించాయి, ఆపై ధాన్యం సేకరణలోకీ అడుగుపెట్టాయి. సమాఖ్య కాటా ఒకటి ఊరిలో వెలిసిన తరువాత దళారి కాటా కూడా సరిగా తూగడం మొదలుపెట్టిందని చెప్పుకునేవారు. తెలంగాణ పల్లెలలో మహిళా సంఘాలు నడిపే ధాన్యం కొనుగోలు కేంద్రాన్ని రైతులు ఇప్పటికీ 'ఐ.కె.పి. కేంద్రం' అనే పిలుస్తారు. పథకం పేరు పోయినా కాటా పేరు మిగిలింది.

పురుగుమందు కొట్టు బాకీ

గ్రామం నుంచి తరలిపోయే సొమ్ములో పెద్ద వాటా పురుగుమందులది. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు యావద్దేశాన్నీ కలచివేశాయి. మందు అమ్మిన దుకాణదారే సలహాదారు, అప్పు ఇచ్చేదీ అతడే, చాలా చోట్ల పంట కొనేదీ అతడే. పురుగు చావకపోతే మరో డబ్బా అన్నది ఆ సలహా సారాంశం.

ఖమ్మం జిల్లా పాల్వంచ మండలం పునుకుల గ్రామ రైతులు ఈ వలయం నుంచి బయటపడేందుకు ఒక స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ప్రయత్నించి, 2003-04 నాటికి తమ గ్రామాన్ని పురుగుమందులు వాడని గ్రామంగా ప్రకటించుకున్నారు. పురుగుమందుల వాడకం మానాలని భర్తలపై ఒత్తిడి తెచ్చింది ఆ గ్రామ మహిళా సంఘాల సభ్యులే. సారా వ్యతిరేకోద్యమాన్ని గుర్తుకు తెచ్చే సన్నివేశమిది. వరంగల్ జిల్లా లింగాలఘనపురం మండలంలోని చిన్న ఆవాసం ఏనబావి 2006లో రసాయన ఎరువులను కూడా విడనాడి సేంద్రియ గ్రామంగా గుర్తింపు పొందింది. ఈ రెండు గ్రామాలూ నేటి జిల్లాల పునర్విభజనలో వరుసగా భద్రాద్రి కొత్తగూడెం, జనగామ జిల్లాలలో ఉన్నాయి.

ఈ అనుభవాన్ని సెర్ప్ మహిళా సమాఖ్యల ద్వారా విస్తరించి, పురుగుమందులు లేని సస్యరక్షణగా, అనంతరం సమాజ ఆధారిత సుస్థిర వ్యవసాయంగా తీర్చిదిద్దింది. ఇందులోని పద్ధతులు చాలావరకు రైతు ఎరిగినవే, కొంతకాలం మరచినవే. ఎకరానికి ఐదు కిలోల వేప గింజల పొడిని వంద లీటర్ల నీటిలో కషాయం తీసి పిచికారీ చేయడం, ఎర్ర గొంగళి పురుగు తల్లి రెక్కల పురుగులు వెలువడే తొలకరి రాత్రులలో పొలం గట్లపై సామూహికంగా మంటలు వేయడం, పత్తిలో ఆముదం, బంతి మొక్కలను ఎర పంటలుగా వేయడం, కంది చెట్లను దులిపి రాలిన పురుగులను ఏరివేయడం వంటివి. వీటిలో కొన్ని ఒక్క రైతు చేస్తే ఫలించవు. ఒకరి పొలంలో మంట వేస్తే పురుగు పక్క పొలానికి పోతుంది. ఊరంతా ఒకే రాత్రి వేయాలి. సమాఖ్య అవసరం ఇక్కడే ఏర్పడింది. కషాయాలు తయారుచేసుకునే తీరికలేని రైతుల కోసం సంఘ సభ్యులే ఊరిలో దుకాణం పెట్టి వాటిని అమ్మడంతో, పట్నం కొట్టుకు పోవలసిన డబ్బు పక్కింటి మహిళకు కూలిగా మారింది.

అప్పు ముంచిన వేళ

నాణేనికి రెండవ వైపు చూడక తప్పదు. సంఘాలు తెచ్చిన క్రమశిక్షణ, సకాలంలో వాయిదా చెల్లించే అలవాటు బయటివారినీ ఆకర్షించాయి. సూక్ష్మరుణ సంస్థలు అవే గ్రామాలలో, తరచు అవే సంఘాల సభ్యులకు, హామీ పత్రాలు అడగకుండా ఇంటి ముంగిటే అప్పులు ఇవ్వసాగాయి. వాయిదా వారం వారం చెల్లించాలి. ఒక సభ్యురాలు తప్పితే మిగిలినవారు పూచీపడాలి. కూలి పని దొరకని వారం కూడా వారమే కదా. ఒక సంస్థ వాయిదా చెల్లించడానికి మరో సంస్థ వద్ద అప్పు చేయడం సాధారణమైపోయింది. 2006లో కృష్ణా జిల్లాలో తలెత్తిన సంక్షోభం ఒక హెచ్చరిక. అక్కడ జిల్లా యంత్రాంగం అనేక శాఖలను మూసివేయించింది. ఆ హెచ్చరికను పట్టించుకోకపోవడం వల్ల 2010 నాటికి బలవంతపు వసూళ్లు, అవమానాలు, ఆత్మహత్యల వార్తలు రాష్ట్రమంతటి నుంచీ వెలువడ్డాయి.

2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు జారీ చేసి, అనంతరం దానిని చట్టంగా రూపొందించింది. సంస్థలు జిల్లాలో నమోదు కావాలని, వసూలు నెలవారీ మాత్రమే ఉండాలని, రుణగ్రహీత ఇంటికి వెళ్లరాదని అందులో నిర్దేశించింది. వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. దరిమిలా రిజర్వు బ్యాంకు నియమించిన మాలేగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక సమర్పించింది.

సమాఖ్యలు ఉన్న చోటనే ఈ సంస్థలు ఎందుకు వేళ్లూనుకున్నాయన్నది ఆలోచించవలసిన విషయం. బ్యాంకు వడ్డీ తక్కువే. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెస్తే సంవత్సరానికి 3,600 రూపాయలు కట్టాలి. 2004లో వచ్చిన పావలా వడ్డీ పథకం కింద అది 300 రూపాయలే. 2012 నుంచి సకాలంలో చెల్లించేవారికి ఆ పావలా కూడా లేకుండా వడ్డీలేని రుణాలు వచ్చాయి. కానీ బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రికి, కళాశాల ఫీజు కట్టవలసిన చివరి రోజుకు బ్యాంకు లింకేజి రుణం అందదు. ఆ ఖాళీలోకే వారపు అప్పు ప్రవేశించింది. ఈ లోపాన్ని గుర్తించి, సమాఖ్యలు, ప్రభుత్వం వాటాదారులుగా 2011లో 'స్త్రీనిధి' పరపతి సహకార సమాఖ్య ఏర్పడింది. దరఖాస్తు చేసిన 48 గంటలలో రుణం అందించాలన్నది దాని లక్ష్యం. ఇది ముందే ఏర్పడి ఉంటే ఎన్నో కుటుంబాలు ఊబిలో దిగేవి కావనడం అతిశయోక్తి కాదు.

ఈ విషయం గతించిన చరిత్ర మాత్రమే కాదు. రిజర్వు బ్యాంకు పరిధిలోని ఆర్థిక సంస్థలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022లో సుప్రీంకోర్టు కేరళకు సంబంధించిన కేసులో స్పష్టం చేసింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు సూక్ష్మరుణ చట్టం విషయంలోనూ అదే అభిప్రాయాన్ని వెలువరించింది. కుటుంబం చెల్లించే వాయిదాలన్నీ కలిపి దాని నెలసరి ఆదాయంలో సగానికి మించరాదని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన విధించింది. మంచి నిబంధనే. కానీ కూలి కుటుంబం నెలసరి ఆదాయమెంతో లెక్కగట్టేది అప్పు ఇచ్చే సంస్థ ప్రతినిధి. గ్రామ సమాఖ్య సమావేశంలో సభ్యురాలు తన అప్పులన్నీ బయటపెట్టి, తోటివారి సలహా తీసుకునే అలవాటు ఉన్న చోట మాత్రమే ఆ లెక్క నిజమవుతుంది. రుణమాఫీ ఆశతో 2014 తరువాత వాయిదాలు ఆగిపోయిన సంఘాలలో మొదట దెబ్బతిన్నది ఈ అలవాటే. పుస్తకాలు రాయడం తగ్గింది, సమావేశం సంతకాలకు పరిమితమైంది.

నేల ఎవరిది, పంట ఎవరిది

రాష్ట్ర విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం అమలులోకి వచ్చింది. సెర్ప్ తొలి దశాబ్దానికి సారథ్యం వహించిన టి. విజయకుమార్ దీనికీ మార్గదర్శకత్వం వహించడం వల్ల, ఇక్కడ కూడా మహిళా సంఘాలే పునాది అయ్యాయి. ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండితో చేసే జీవామృతం, వానలకు ముందే పలు రకాల విత్తనాలు చల్లి నేలను కప్పి ఉంచే నవధాన్యాల సాగు, ఇంటి చుట్టూ పెరటి తోటలు ఇందులో ముఖ్యమైనవి. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ సంస్థ తన మానవతా పురస్కారాన్ని పంచుకున్న ముగ్గురిలో ఈ కార్యక్రమానికి స్థానం కల్పించింది. అంతర్జాతీయ వేదికపై ఒక గ్రామీణ మహిళా రైతు ఈ కార్యక్రమం పక్షాన నిలబడటం తెలుగువారందరికీ గర్వకారణం.

అయినప్పటికీ పొలం వద్ద ఉన్న చిక్కులు పురస్కారంతో తీరవు. కషాయాలు, జీవామృతం తయారీకి పశువు కావాలి, పశువులు లేని ఇళ్లు ఎక్కువవుతున్నాయి. అదనపు శ్రమ ఎక్కువగా మహిళల మీదనే పడుతున్నది. అన్నిటికంటే జటిలమైనది కౌలు సమస్య. నేల సారం కోలుకోవడానికి మూడు నాలుగు సంవత్సరాలు పడుతుంది. కౌలు నోటిమాట మీద, సంవత్సరం సంవత్సరానికి మారుతుంది. నేలను బాగుచేసిన కౌలు రైతు చేతి నుంచి ఆ నేల మరుసటి ఏడాది వేరొకరి చేతికి, అదీ ఎక్కువ కౌలుకు పోవచ్చు. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందంపై సాగుదారుకు గుర్తింపు పత్రం ఇచ్చే విధానాన్ని ప్రవేశపెట్టింది. దానికి భూయజమాని సంతకం తప్పనిసరి. హక్కులకు భంగం కలుగదని చట్టమే చెప్పినా సంతకం చేయడానికి వెనుకాడే యజమానులు అనేకులు. సంతకం లేనిదే పంట రుణం లేదు, బీమా లేదు. మళ్లీ ఎరువుల కొట్టు వద్దకే పోవాలి.

దీనికి మార్గం లేకపోలేదు. వెలుగు తొలి దశలో భూమి కొనుగోలు పథకం కింద కొన్ని వేల ఎకరాలు నిరుపేద మహిళల పేరిట రిజిస్టరు అయ్యాయి. యజమానితో ధర బేరమాడినది సంఘ సభ్యులే. ఆ తరువాత భూముల ధరలు అందుబాటులో లేకుండా పోయి పథకం ముందుకు సాగలేదు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి అనుబంధమైన దళిత మహిళా సంఘాలు మరో దారి తొక్కాయి. బీడు భూములను కలిసికట్టుగా కౌలుకు తీసుకుని జొన్న, కొర్ర, పప్పు దినుసులు కలిపి పండించాయి. 1990 దశకం మధ్యలో ఊరి ధాన్యాన్ని ఊరిలోనే నిల్వచేసి పేదలకు పంచుకున్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం వారికి లభించింది. కేరళలో కుటుంబశ్రీ మహిళలు కూడా బృందాలుగా కౌలు సాగు చేస్తున్నారు.

ఒంటరి కౌలు రైతుకు మూడేళ్ల ఒప్పందం ఇవ్వడానికి జంకే యజమాని, ఊరిలో పాతికేళ్లుగా లెక్కలు సరిగా చూపుతున్న గ్రామ సమాఖ్యకు ఇవ్వడానికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. కౌలు సొమ్ము చేతికి వస్తుందన్న భరోసా అతనికి ఉంటుంది. నేల మూడేళ్లు తన వద్దే ఉంటుందన్న ధైర్యం సాగుదారుకు ఉంటుంది. బియ్యం మూటకు, కాటాకు సమాఖ్య పూచీ నిలిచినట్లే కౌలు ఒప్పందానికీ నిలవగలదా అన్నది ముందుగా పది పదిహేను గ్రామాలలో, సమావేశాలు నేటికీ క్రమం తప్పక జరుగుతున్న సమాఖ్యలతో, ఒక ఖరీఫ్ నుంచి మూడవ ఖరీఫ్ దాకా పరీక్షించి చూడవలసిన విషయం.